ఎన్ని పళ్ళు కావాలి సార్?

సికింద్రాబాద్ రాణిగంజ్‌లో బేరింగులూ బెల్టులూ అమ్మే కొట్ల వరసలోకి వెళ్ళి టైమింగ్ పుల్లీ కావాలని అడిగితే, కౌంటర్ వెనకాయన తల ఎత్తకుండానే మూడు ప్రశ్నలు వేస్తాడు. పిచ్ ఎంత, పళ్ళెన్ని, బోరు ఎంత. మొదటిసారి వెళ్ళినప్పుడు నా దగ్గర మూడింటికీ జవాబు లేదు. “మూడుకి ఒకటి రిడక్షన్ కావాలండీ” అన్నాను, ఏదో తెలిసినవాడిలా. “రిడక్షన్ మీ లెక్క సార్. నాకు పళ్ళు చెప్పండి” అన్నాడాయన. చేతులూపుకుంటూ ఇంటికొచ్చాను.

ఇంట్లో, కార్ల షెడ్డులో, డాబా మీది రేకుల గదిలో సొంతంగా సీఎన్‌సీ రౌటర్ కట్టుకునేవాళ్ళందరూ ఏదో ఒక రోజు ఈ ప్రశ్న దగ్గరికి వస్తారు. మోటారు షాఫ్టుకే నేరుగా పినియన్ బిగించాలా, మధ్యలో చిన్న పుల్లీ, పెద్ద పుల్లీ, ఒక బెల్టు పెట్టి వేగం తగ్గించి బలం పెంచుకోవాలా? పెట్టుకుంటే ఎంత తగ్గించాలి? దీని మీద పదిహేనేళ్ళుగా సాగుతున్న వాదాలు, అమ్మకానికొచ్చిన మిషన్లు, నా మిషను మీద నేను చెడగొట్టిన చెక్కలు, అన్నీ ఒకచోట పెట్టి చూస్తే నాకు తోచింది ఇది: అందరూ రేషియో గురించి కొట్టుకుంటారు గానీ, పని చెడేది రేషియో దగ్గర కాదు. పుల్లీ సైజు దగ్గర, దాన్ని మోసే షాఫ్టు దగ్గర.

నా మొదటి మిషను నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు. పొడవు వైపు ర్యాక్, అంటే పళ్ళ కడ్డీ వేసి, నీమా 23 సైజు స్టెప్పర్ మోటారుకే 20 పళ్ళ పినియన్ తొడిగాను. పూజగది తలుపుకి టేకు చెక్కలో జాలీ కోస్తే చూడ్డానికి బాగానే వచ్చింది. కోసిన అంచు మీద వేలు జరిపితే మాత్రం దువ్వెన పళ్ళ మీద జరిపినట్టు గరగర. గుండ్రంగా ఉండాల్సిన పద్మం రేకులు పలకలు పలకలుగా తేలాయి. గంటసేపు ఎమరీ కాగితం పట్టుకు కూర్చుంటే గానీ తలుపు తలుపులా కనబడలేదు. మిషను ఎందుకు కట్టుకున్నట్టు మరి?

కారణం లెక్కలో ఉంది. మామూలు స్టెప్పర్ మోటారు ఒక స్టెప్పుకి 1.8 డిగ్రీలు తిరుగుతుంది. చుట్టుకి 200 స్టెప్పులు. మాడ్యూల్ 1 ర్యాక్ మీద 20 పళ్ళ పినియన్ ఒక చుట్టు తిరిగితే కట్టర్‌ని మోసే గాంట్రీ 62.83 మి.మీ. నడుస్తుంది. అంటే ఒక్క స్టెప్పుకి 0.31 మి.మీ. చెక్కపనికి కూడా ఇది మొరటు అడుగే.

“మైక్రోస్టెప్పులు పెట్టుకోండి, పోతుంది” అనేది ఒక పక్షం. డ్రైవర్ మీద చిన్న స్విచ్చులు మారిస్తే ఒక స్టెప్పు 16 ముక్కలవుతుంది, కాగితం మీద 0.02 మి.మీ.కి దిగుతుంది. ఇది సగం నిజం. 16 ముక్కల్లో ఒక్క ముక్క కదిలినప్పుడు మోటారు చూపించగలిగే అదనపు బలం దాని హోల్డింగ్ టార్క్‌లో పదోవంతు. ర్యాక్ మీద దుమ్మూ, రైలు మీద రాపిడీ ఆ పదోవంతుని తినేస్తే మోటారు కదలకుండా నిలబడి, రెండు మూడు ముక్కలు పోగయ్యాక ఒక్కసారి ఉలిక్కిపడి ముందుకి దూకుతుంది. మైక్రోస్టెప్పు నడకను నునుపు చేస్తుంది. కచ్చితత్వాన్ని మాత్రం ఉద్దరకే ఇస్తుంది.

రెండో సంగతి అంతగా ఎవరూ చెప్పరు, నాకు మాత్రం అదే ముఖ్యం. స్టెప్పర్ మోటారు లోపల గేర్లుండవు, అయస్కాంతపు పట్టు మాత్రమే ఉంటుంది. కరెంటిచ్చి నిలబెట్టిన షాఫ్టు రాయిలా నిలవదు. తోస్తే స్ప్రింగులా కొంచెం లొంగి ఆగుతుంది. తోపు పెరిగేకొద్దీ ఇంకా లొంగుతుంది, 1.8 డిగ్రీల దాకా వెళ్ళాక పట్టు తప్పి నాలుగు స్టెప్పుల అవతల మళ్ళీ కుదురుకుంటుంది. అందుకే పట్టు జారిన నేరు డ్రైవ్ మిషను ఎంతంటే అంత తప్పదు. 1.26 మి.మీ. లెక్కన, దాని గుణిజాల్లో తప్పుతుంది. చెడిన చెక్క మీద కాలిపర్ పెట్టి 1.26 గానీ, 2.5 గానీ కనబడితే తప్పు ప్రోగ్రాములో వెతక్కండి.

ఇప్పుడు కోత బలం పెట్టి చూద్దాం. మన కొట్లలో 19 కేజీ మోటారని అమ్మే నీమా 23 హోల్డింగ్ టార్క్ సుమారు 1.85 న్యూటన్-మీటర్లు. కట్టర్ చెక్కని కోస్తున్నప్పుడు గాంట్రీని అయిదు కేజీల బరువంత, అంటే సుమారు 50 న్యూటన్ల బలం వెనక్కి నెట్టిందనుకోండి. పినియన్ వ్యాసార్ధం 10 మి.మీ. కాబట్టి నేరు డ్రైవ్‌లో మోటారు మీద పడేది 0.5 న్యూటన్-మీటర్లు. దానికి ఆ అయస్కాంతపు స్ప్రింగు లొంగేది 0.31 డిగ్రీలు, కట్టర్ దగ్గర 0.055 మి.మీ. అదే మూడుకొకటి రిడక్షన్ ఉంటే మోటారు మీద పడే భారం మూడోవంతు. అది లొంగే కోణమూ దాదాపు మూడోవంతు. ఆ కోణం మళ్ళీ పినియన్ దగ్గరికి వచ్చేసరికి ఇంకో మూడోవంతు. 0.055 కాస్తా 0.006కి పడిపోతుంది. బిగువు రేషియో లెక్కన పెరగదు, రేషియో వర్గం లెక్కన పెరుగుతుంది. రిడక్షన్ పెట్టాలా అంటే పెట్టమని నేను చెప్పేది దీని కోసమే. రిజల్యూషన్ దాని వెనకే కొసరుగా వస్తుంది.

జడత్వానిదీ అదే వర్గపు లెక్క. 20 కేజీల గాంట్రీని 10 మి.మీ. వ్యాసార్ధపు పినియన్‌తో లాగితే మోటారుకి అది 20 కేజీ-చదరపు సెం.మీ. జడత్వంగా కనబడుతుంది. 76 మి.మీ. పొడవున్న నీమా 23 రోటార్ జడత్వం అరకేజీ-చదరపు సెం.మీ.కి అటూ ఇటూ. నలభై రెట్లు పెద్ద బరువుని మెడకి కట్టినట్టు. మూడుకొకటి పెట్టగానే అది నాలుగయిదు రెట్లకి దిగుతుంది. మూల తిరిగేచోట మిషను వణకడం ఆగిపోయేది అందువల్లే.

ఇన్ని లాభాలు ఊరికే వస్తాయా? రావు. మోటారు శక్తి అంతే ఉంది. బలం పెరిగిందంటే అది మూడు రెట్లు వేగంగా తిరగాల్సి వచ్చింది. నిమిషానికి 12 మీటర్ల వేగంతో గాంట్రీ పరిగెత్తాలంటే నేరు డ్రైవ్‌లో మోటారు 191 ఆర్‌పీఎమ్ తిరిగితే చాలు. మూడుకొకటిలో 573, అయిదుకొకటిలో 955, పదికొకటి పెడితే 1900 పైచిలుకు. స్టెప్పర్‌కి వేగం పెరిగేకొద్దీ బలం జారిపోతుంది, ఎందుకంటే కాయిల్లోకి కరెంటు ఎక్కే వ్యవధి తగ్గిపోతుంది. కరెంటుని తోయాలంటే వోల్టేజి కావాలి. గెకోడ్రైవ్ డ్రైవర్లు తయారుచేసిన మారిస్ ఫ్రైమానిస్ ఇచ్చిన సులువు సూత్రం ఒకటుంది: మోటారు ఇండక్టెన్స్‌ని మిల్లీహెన్రీల్లో తీసుకుని, దాని వర్గమూలాన్ని 32తో గుణిస్తే వచ్చేది సరఫరా వోల్టేజికి పైహద్దు. మూడు మిల్లీహెన్రీల మోటారుకి అది 55 వోల్టులు. మనవాళ్ళలో చాలామంది అదే మోటారుని 24 వోల్టుల ఎస్‌ఎంపీఎస్ మీద నడుపుతూ, అయిదుకొకటి రిడక్షన్ పెట్టి, “బెల్టు పెట్టాక మిషను ఇంకా నీరసించింది” అని వాపోతారు. బెల్టుని తిట్టి లాభం లేదు. 48 వోల్టులిచ్చే సరఫరా, దాన్ని తట్టుకునే డ్రైవర్ ముందు కొనుక్కోవాలి. రిడక్షన్ ఖర్చులో అదీ ఒక భాగమే.

ఇంతకీ అన్ని మిషన్లకీ ఇది అవసరమా? స్క్రూలతో నడిచేవాటికి అక్కర్లేదు. 1605 బాల్ స్క్రూ చుట్టుకి 5 మి.మీ. నడుస్తుంది, స్క్రూయే పెద్ద రిడక్షన్. దానికి మళ్ళీ మూడుకొకటి పెడితే మిషను నత్తతో పందెం వేసుకోవాలి. స్క్రూకి బెల్టు కడితే ఒకటికొకటి కడతారు, మోటారుని వెనక్కి మడిచి చోటు కలిసిరావడానికి. స్క్రూ చిక్కు వేరే. పొడుగైతే గింగిరాలు తిరుగుతుంది. 16 మి.మీ. స్క్రూ మీటరున్నర పొడవుంటే 870 ఆర్‌పీఎమ్ దాటకూడదు, అంటే నిమిషానికి నాలుగున్నర మీటర్ల లోపే. ఎనిమిదడుగుల పొడవుకి వెళితే రెండు మీటర్లు కూడా దాటదు. పెద్ద బల్లకి ర్యాక్ గానీ బెల్టు గానీ తప్పనిది అందుకే, రిడక్షన్ ప్రశ్న లేచేదీ అక్కడే.

కట్టినవాళ్ళు ఏం చేశారో చూద్దాం. అమెరికాలో చిన్న వర్క్‌షాపుల కోసం 1990ల్లోనే మొదలైన షాప్‌బాట్ సంస్థ ర్యాక్ మీద 3.6కి ఒకటి, 7.2కి ఒకటి గేరు తల ఉన్న మోటార్లు వాడింది. ఆ ఆలోచనతోనే దక్షిణాఫ్రికాలో రూపుదిద్దుకుని, నక్షాలు ఉచితంగా పంచిన మెక్‌మేట్ మిషను కూడా గేరు మోటార్లతోనే మొదలై, అవి ఖరీదైనచోట మూడుకి, నాలుగుకి ఒకటి బెల్టు రిడక్షన్లకి మళ్ళింది. ఒకప్పుడు సీఎన్‌సీ రౌటర్ పార్ట్స్, ఇప్పుడు అవిడ్ సీఎన్‌సీ అనే సంస్థ ర్యాక్ డ్రైవ్‌లో 3.2కి ఒకటి బెల్టు పెట్టి అమ్మింది. అంగుళం పినియన్‌కి ఆ రేషియోలో మోటారు చుట్టుకి దాదాపు అంగుళం నడక వస్తుంది. లెక్కకి ఎంత సుఖమో చూడండి, అంగుళాల్లో బతికేవాళ్ళకి. 2011లో వచ్చిన షేపోకో, దాని దారినే వచ్చిన చిన్న బల్ల మిషన్లు రిడక్షన్ జోలికే పోలేదు. మోటారు మీద చిన్న పుల్లీ, దాని మీదుగా తెరిచిన బెల్టు. 2 మి.మీ. పిచ్‌లో 20 పళ్ళదైతే చుట్టుకి 40 మి.మీ. నడక, 6.4 మి.మీ. వ్యాసార్ధం. నిజానికి వాళ్ళు రిడక్షన్ మానలేదు, చిన్న పుల్లీ రూపంలో అక్కడే దాచారు. తర్వాతి మోడళ్ళలో బెల్టుని 9, ఆపైన 15 మి.మీ.లకి వెడల్పు చేసుకుంటూ పోయారంటే దాని సాగుడు ఎంత ఇబ్బంది పెట్టిందో ఊహించుకోవచ్చు.

గేరుబాక్సు తెచ్చి బిగిస్తే తీరిపోదా అంటే, తీరుతుంది, డబ్బుంటే. చవక ప్లానెటరీ గేరుబాక్సుల్లో ప్లే, అంటే పళ్ళ మధ్య ఖాళీ, 15 నుంచి 30 ఆర్క్ నిమిషాలు. 10 మి.మీ. పినియన్ దగ్గర అది 0.04 నుంచి 0.09 మి.మీ. దిశ మారిన ప్రతిసారీ ఆ ఖాళీ దాటాకే గాంట్రీ కదులుతుంది. గుండ్రటి గీత మీద నాలుగు దిక్కులా నాలుగు మెట్లు కనబడతాయి. మూడు నుంచి అయిదు ఆర్క్ నిమిషాల మంచి సరుకు ఉంది గానీ దాని ఖరీదులో మోటారూ డ్రైవరూ కలిసొస్తాయి. బెల్టు గుణం దీనికి తిరగబడి ఉంటుంది: బిగించిన బెల్టుకి ప్లే ఉండదు, సాగుడు ఉంటుంది. ప్లే మెట్టు వేస్తుంది, సాగుడు కొంచెం ఊగి సర్దుకుంటుంది. చెక్కపనిలో రెండోది నాకు నయం. పైగా మోటారు గరగరని రబ్బరు మింగేస్తుంది.

పళ్ళ బెల్టు పుట్టుక చెప్పుకోవాలి, మన ఇళ్ళకి దగ్గరి కథ. 1940ల్లో గిల్మర్ కంపెనీలో పనిచేసిన రిచర్డ్ కేస్ దీన్ని తయారుచేశాడు. అవసరం సింగర్ కుట్టుమిషనుది: పైన సూది, కింద బాబిన్ జారకుండా ఒకే తాళానికి నడవాలి. అమ్మ కాలితో తొక్కిన మిషనుకి కింద పెద్ద చక్రం, పైన చిన్న చక్రం, మధ్యలో తోలు బెల్టు ఉండేది. అది మన రిడక్షన్‌కి తలకిందులు, వేగం పెంచేది. తోలు జారినా దర్జీకి నష్టం లేదు, ఇంకోసారి తొక్కితే సరి. సూదికీ బాబిన్‌కీ మధ్య మాత్రం జారుడు పనికిరాదు. రౌటర్‌కీ అంతే.

ఆ మొదటి తరం బెల్టుల పళ్ళు కోసిన మెట్లలా ఉంటాయి. 2.032 మి.మీ. పిచ్ ఎమ్‌ఎక్స్‌ఎల్, 5.08 ఎక్స్‌ఎల్ ఆ జాతివే. పన్ను గాడిలో దిగడానికి ఖాళీ వదలాలి, ఆ ఖాళీయే ప్లే. 1970ల్లో వచ్చిన హెచ్‌టీడీ పళ్ళు గుండ్రం. బలం ఎక్కువ మోస్తాయి, ఖాళీ ఇంకా మిగిలే ఉంది. గేట్స్ సంస్థ జీటీ రకాలు పన్ను వంపుని ఇంకా సవరించి ఆ ఖాళీని బాగా తగ్గించాయి. అందుకే 3డీ ప్రింటర్లు చాలావరకు జీటీ2 మీదికి వెళ్ళిపోయాయి. రౌటర్ కట్టేవాళ్ళకి చిక్కేమిటంటే, బజారులో చవగ్గా, విరివిగా దొరికే జీటీ2 ఆ ప్రింటర్ కోసం కొలిచిన సరుకు: 2 మి.మీ. పిచ్, 6 మి.మీ. వెడల్పు. నా మొదటి రిడక్షన్ దానితోనే కట్టాను.

20 పళ్ళు, 60 పళ్ళు, 200 మి.మీ. మూసిన బెల్టు. లెక్క చక్కగా కుదురుతుంది: పుల్లీల మధ్య దూరం 58.6 మి.మీ., చిన్న పుల్లీ మీద బెల్టు 155 డిగ్రీలు చుట్టుకుంటుంది, ఎనిమిది పళ్ళు కరుచుకుంటాయి. ఆరు పళ్ళకి తగ్గకూడదనేది తయారీదారుల నియమం. అయిదుంటే బెల్టు మోయగల బలంలో అయిదోవంతు కోత, నాలుగుంటే ఇంకో అయిదోవంతు. ఆ పరీక్షలో నా కట్టుడు మంచి మార్కులతో పాసయింది. చెక్క మీద మాత్రం తప్పింది. గరగర పోయింది, కానీ గట్టిగా కోస్తే అంచు ఇంకా వెనక్కి జరుగుతోంది. మోటారు స్ప్రింగులో మిగిల్చుకున్నదంతా సన్న బెల్టు స్ప్రింగులో పోతోంది.

పెద్ద పుల్లీ సంగతి ఇక్కడే తెలిసింది. 60 పళ్ళ జీటీ2 వ్యాసార్ధం 19.1 మి.మీ. 5ఎమ్‌లో, అంటే 5 మి.మీ. పిచ్ హెచ్‌టీడీలో, 45 పళ్ళ పుల్లీది 35.8. దీనికి 15 పళ్ళ చిన్న పుల్లీ పెడితే రేషియో రెంటిదీ మూడే. పినియన్ దగ్గర బలం అంతే ఉన్నప్పుడు పెద్ద పుల్లీ మీది బెల్టుకి పడే లాగుడు తక్కువ. సాగిన కొద్దిపాటి నిడివీ పెద్ద వ్యాసార్ధం మీద చిన్న కోణమవుతుంది. రెండూ కలిసి మళ్ళీ వర్గం: వ్యాసార్ధం 1.9 రెట్లయితే బిగువు మూడున్నర రెట్లు. ఆపైన బెల్టు వెడల్పు 6 నుంచి 15కి పెరిగితే వచ్చేది వేరు. రేషియో మార్చకుండా, మోటారు మార్చకుండా, కేవలం లావు పుల్లీలతో ఇంత దొరుకుతుంటే “మూడా, అయిదా” అని తెల్లార్లూ తర్కించడం దండగ. మూడు నుంచి నాలుగు మధ్యలో ఏది చేతికొస్తే అది పెట్టుకోండి. మిగిలిన బుర్రంతా పుల్లీని ఎంత పెద్దది పట్టించగలమన్న దాని మీద పెట్టండి.

5ఎమ్‌కి ఒక మెలిక ఉంది. 15, 45 పళ్ళ జోడీకి 350 మి.మీ. బెల్టు వేస్తే దూరం 97 మి.మీ., కరుచుకునేవి ఆరు పళ్ళు, అంచు మీద నిలిచినట్టు. కుదిమట్టంగా ఉంటుందని 300 బెల్టు వేస్తే దూరం 71కి తగ్గి, కరుచుకునేవి అయిదుకి దిగుతాయి. చిన్న పుల్లీని 18 పళ్ళకి పెంచి రేషియోని రెండున్నరకి వదులుకున్నా తప్పులేదు. చిన్న పుల్లీ మరీ చిన్నదైతే బెల్టు లోపలి తీగ ప్రతి చుట్టుకీ పదునుగా మడతపడి, ముందు అక్కడే చస్తుంది. గాజుపీచు తీగ మడతకి ఓర్చుకుంటుంది. ఉక్కు తీగ సాగదు గానీ చిన్న పుల్లీ మీద అలిసిపోతుంది. కొట్టువాడు “స్టీల్ కార్డ్ సార్, చాలా స్ట్రాంగ్” అంటే చిన్న పుల్లీ ఎంతో ముందు చూసుకోండి.

ఇక షాఫ్టు. అసలు గోలంతా ఇక్కడే. మామూలు నీమా 23 షాఫ్టు పక్కకి మోయగల భారం, మోటారు ముఖం నుంచి 20 మి.మీ. దూరంలో 75 న్యూటన్లు, ఏడున్నర కేజీలు. బెల్టుని తీగలా మోగేదాకా బిగించే అలవాటున్నవాడు దాన్ని ఇట్టే దాటేస్తాడు. తంబూరా శ్రుతిలా మీటి బిగువు చూసే పద్ధతి పొడుగు బెల్టులకి బాగుంటుంది, ఫోనులో దానికి యాప్‌లూ ఉన్నాయి. వేలెడంత నిడివున్న రిడక్షన్ బెల్టుకి ఆ శ్రుతి నమ్మకం కాదు. పన్ను ఎగరనంత బిగువు, అంతకి మించి వద్దు.

రెండో షాఫ్టు, పెద్ద పుల్లీనీ పినియన్‌నీ మోసేది, ఇంకా కష్టజీవి. ఒకవైపు బెల్టు లాగుడు, రెండోవైపు ర్యాక్ నెట్టుడు. 20 డిగ్రీల పన్ను వంపున్న ర్యాక్ తను మోసే బలంలో మూడోవంతుకి పైగా పినియన్‌ని దూరంగా తోస్తుంది. నేను 8 మి.మీ. రాడ్డు మీద రెండు 608 బేరింగులు ఆనించి పెట్టి, చివర పినియన్ వేలాడదీశాను. బాలానగర్‌లో లేత్ మీద పనిచేసే అన్నకి చూపిస్తే ఒక చేత్తో పినియన్ పట్టుకుని ఊపి నవ్వాడు. “బేరింగులు రెండూ అతుక్కుని కూర్చుంటే ఒక్కటున్నట్టే సార్. దూరం దూరం పెట్టండి. పినియన్ ఎంత బయటికుందో, లోపల దానికి రెండింతలన్నా ఉండాలి.” 12 మి.మీ. షాఫ్టు, 6201 బేరింగులు, వాటి మధ్య 40 మి.మీ. గొట్టం పెట్టి చేసిచ్చాడు. ఆ రోజు నుంచి మిషను గొంతే మారింది.

గ్రబ్ స్క్రూ కథ కూడా చెప్పకపోతే అన్యాయం. ఒక రాత్రి వీధి తలుపు మీద గజలక్ష్మి సగం తేలాక, మిగతా సగం నాలుగు మి.మీ. పక్కకి జరిగి వచ్చింది. ప్రోగ్రాము చూశాను, డ్రైవర్ చూశాను, బెల్టు పళ్ళు లెక్కపెట్టాను. చివరికి మార్కర్‌తో షాఫ్టుకీ పుల్లీకీ కలిపి ఒక గీత గీసి నడిపితే పావుగంటలో గీత రెండయింది. గుండ్రటి షాఫ్టు మీద ఒకే ఒక్క గ్రబ్ స్క్రూ. ఏడుపొచ్చింది. షాఫ్టుకి చదును రుద్ది, లంబకోణంలో రెండు స్క్రూలు, దారానికి చుక్క లాక్‌టైట్. ఇంకా నయం కావాలంటే బిగించే కాలర్ ఉన్న పుల్లీ. మార్కర్ గీత మాత్రం ఇప్పటికీ చెరపను. రోజూ మిషను ఆన్ చేసేముందు ఒక చూపు దాని మీద.

ప్లాస్టిక్ ప్రింటు గురించి రెండు ముక్కలు చాలు. పుల్లీలూ మోటారు ప్లేట్లూ పీఎల్‌ఏలో ముద్రించి పెట్టిన నమూనాలు చూడ్డానికి ముద్దొస్తాయి. పీఎల్‌ఏ 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది; పనిచేస్తున్న స్టెప్పర్ ఒళ్ళు ఆ వేడిని సులువుగా అందుకుంటుంది. మే నెలలో విజయవాడ రేకుల షెడ్డులో గాలే 45 ఉంటే చెప్పక్కర్లేదు. ప్లేటు కరగదు, బెల్టు లాగుడికి మెల్లగా వంగి బిగువు వదిలేస్తుంది. 8 లేదా 10 మి.మీ. అల్యూమినియం ప్లేటు కోయించుకోండి, మోటారు రంధ్రాలు పొడుగు గాడులుగా. బిగువు సర్దడానికి వెనక నుంచి ఒక తోపుడు బోల్టు.

కంట్రోలర్ దగ్గర ఒక్క హద్దు గుర్తుపెట్టుకోవాలి. ఆర్డ్యునో ఊనో మీద నడిచే జీఆర్‌బీఎల్ ప్రోగ్రాము సెకనుకి 30 వేల స్టెప్పుల దాకా పంపగలదు. 16 మైక్రోస్టెప్పులు, మూడుకొకటి రేషియో, మన పినియన్: మి.మీ.కి 152.8 స్టెప్పులు. నిమిషానికి 10 మీటర్లకే 25 వేలు దాటుతుంది. రిడక్షన్ వచ్చాక మైక్రోస్టెప్పులు ఎనిమిదికి తగ్గించేయండి, అవి చేసే పని ఇప్పుడు పుల్లీలు చేస్తున్నాయి. ఆ 152.8ని ఒక అడుగు స్కేలు మీద కొలిచి సవరించకండి. మీటరు పొడవు నడిపి కొలవండి. పుల్లీ బోరు ఒక పిసరు పక్కకి పోయి ఉంటే ప్రతి చుట్టుకీ తప్పు పెరిగి తగ్గి ఊగుతుంది. తక్కువ దూరంలో కొలిస్తే ఆ ఊగుడునే కొలిచినవాళ్ళమవుతాం.

ఈమధ్య ఏసీ సర్వోలు అందుబాటు ధరల్లోకి వస్తుంటే, ఇక రిడక్షన్ గొడవ ఉండదనేవాళ్ళు కనిపిస్తున్నారు. నాకు తిరకాసుగా తోస్తుంది. 400 వాట్ల సర్వో తన 1.27 న్యూటన్-మీటర్లని 3000 ఆర్‌పీఎమ్ దాకా నిలుపుతుంది. నేరుగా మన పినియన్‌కి కడితే నిమిషానికి 188 మీటర్లు, చెక్క కోసే ఏ మిషనుకీ అక్కరలేని వేగం. దాని శక్తి వాడుకోవాలంటే ఏడుకొకటో పదికొకటో కావాలి, ఒక్క బెల్టుతో అది కుదరదు. రెండు అంచెల బెల్టు కట్టాలి, లేకపోతే మంచి ప్లానెటరీ కొనాలి. కాలిఫోర్నియాలో బెల్-ఎవర్‌మన్ సంస్థ సర్వోబెల్ట్ అని ఒకటి చేసింది. బల్లకి ఒక పళ్ళ బెల్టు అతికించి, ఇంకో బెల్టు దాని పళ్ళలో పళ్ళు పెట్టి, మోటారు దగ్గర మాత్రమే పైకి లేచేలా అమర్చారు. సాగే నిడివి జానెడంత మాత్రమే. బుద్ధి ఎటు పనిచేసిందో చూడండి, రేషియో మీద కాదు, వదులుగా ఉన్న బెల్టు నిడివి తగ్గించడం మీద.

మిషను పూర్తయ్యాక పరీక్ష ఇలా చేస్తాను. మోటార్లు ఆన్‌లో ఉంచి, సూట్‌కేసు తూచే కొక్కెం త్రాసుతో గాంట్రీని అయిదు కేజీలు లాగి, కట్టర్ దగ్గర డయల్ గేజి సూది ఎంత కదిలిందో చూస్తాను. తర్వాత అదే లాగుడుకి గేజిని పెద్ద పుల్లీ మీద, షాఫ్టు కొస మీద, చివరికి మోటారు ప్లేటు మీద పెడతాను. సూది ఎక్కడ ఎక్కువ కదిలితే రోగం అక్కడుంది. మొదటిసారి బెల్టు దోషి అని నమ్మి చూస్తే, తప్పు నేను ముచ్చటపడి వంచి చేయించిన 3 మి.మీ. ఇనప రేకు ప్లేటుది.

కిందటి నెల మళ్ళీ రాణిగంజ్ వెళ్ళాను. “5ఎమ్, 45 పళ్ళు, బోరు 12, వెడల్పు 15కి. రెండు ఇవ్వండి” అన్నాను. “రెండెందుకు సార్?” అన్నాడు. గాంట్రీకి రెండు కాళ్ళుంటాయి కదా, కుడి ఎడమలు ఒక్కలా లేకపోతే కోసిన చదరం చదరం అవదు. కుడివైపు కుదిరింది. ఎడమవైపు సూది ఇంకా రెండు గీతలు ఎక్కువ కదులుతోంది. ఆదివారం ఆ ప్లేటు విప్పాలి.